దీవుల్లోనే కొత్త జాతులు పుడతాయి, దీవుల్లోనే ఎక్కువగా అంతరిస్తాయి: రెండింటికీ కారణం ఒకటేనా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను బి.ఎస్సీ. చివరి సంవత్సరంలో జంతుశాస్త్రం చదువుతున్నాను. జీవపరిణామం పాఠంలో పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవుల ఫించ్ (పిచ్చుకంత ఉండే గింజలు తినే) పక్షులను, హవాయి పక్షులను ఉదాహరణగా చూపి, చుట్టూ సముద్రం ఉండి రాకపోకలు లేకపోవడం వల్లనే అక్కడ కొత్త జాతులు ఏర్పడ్డాయని చెప్పారు. పర్యావరణం పాఠానికి వచ్చేసరికి, అంతరించిపోయిన జీవుల జాబితాలో మారిషస్ దీవిలోని ఎగరలేని పక్షి డోడో మొదలుకొని ఎక్కువ పేర్లు మళ్లీ దీవులవే కనిపించాయి. 1500వ సంవత్సరం తరువాత అంతరించిన పక్షిజాతుల్లో దాదాపు 90 శాతం దీవుల్లో బతికినవేనని చదివాను. జాతులను పుట్టించే చోటే జాతులు ఇంత వేగంగా ఎందుకు పోతున్నాయి? ఇవి రెండు వేర్వేరు సంగతులా, లేక ఒకే కారణానికి రెండు ఫలితాలా?

రెండో ప్రశ్న మన ప్రాంతానికి సంబంధించినది. లక్నవరం చెరువు నడుమ చిన్న చిన్న దీవులు ఉన్నాయి. పద్మాక్షి గుట్ట, మెట్టుగుట్ట వంటి రాతిగుట్టలు ఊరి మధ్యలో దేనికది విడిగా నిలిచి ఉన్నాయి. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ అడవుల మధ్య పొలాలు, ఊళ్లు, రోడ్లు వచ్చాయి. వీటిని కూడా దీవులుగా భావించవచ్చునా? భావిస్తే, కాలం గడిచేకొద్దీ వీటిలో కొత్త జాతులు వస్తాయా, ఉన్నవి పోతాయా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: కారణం ఒకటే. ఆ ఒక్క కారణం పనిచేసే తీరును కొంచెం నిదానంగా చూడాలి.

దూరపు దీవికి చేరే జీవులు చాలా తక్కువ. గాలికి కొట్టుకొచ్చిన నాలుగు పక్షులో, తేలివచ్చిన మానును పట్టుకొని వచ్చిన బల్లులో అక్కడ మొదటి కాపురం పెడతాయి. పుట్టినచోట ఉన్న జన్యు వైవిధ్యంలో వాటి వెంట వచ్చేది చిన్న పాలు మాత్రమే. ఆ తరువాత మూలజాతితో సంకరం జరగదు కాబట్టి, దీవిలో పుట్టిన ప్రతి మార్పూ పెద్ద గుంపులో కలిసి కరిగిపోకుండా అక్కడే నిలుస్తుంది. దీనికితోడు ముఖ్యభూమి మీద ఇతర జీవులు ఆక్రమించుకున్న బతుకుతెరువులు దీవిలో ఖాళీగా ఉంటాయి. హవాయి దీవులకు ఆసియా వైపు నుంచి చేరిన ఒకే ఒక ఫించ్ వంశం నుంచి యాభైకి పైగా జాతులు ఏర్పడ్డాయి. తేనె తాగే వంకర ముక్కు, గింజలు పగలగొట్టే లావు ముక్కు, బెరడు కింద పురుగులను వెతికే ముక్కు, అన్నీ ఆ ఒక్క వంశంలోనివే.

ఈ మార్పు కంటికి కనిపించనంత నెమ్మదిగా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. గాలపాగోస్‌లోని డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి దశాబ్దాల పాటు ఫించ్ పక్షులను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి కొలిచారు. 1977లో వానలు పడలేదు. మెత్తని చిన్న గింజలు ముందే అయిపోయాయి. మన చేలల్లో కాలికి గుచ్చుకునే పల్లేరుకు దగ్గరి బంధువైన మొక్క కాయలు మాత్రం మిగిలాయి. వాటిని పగలగొట్టగలిగినవి లావు ముక్కు పక్షులే. అక్కడి మధ్యరకం నేల ఫించ్‌లలో సుమారు 85 శాతం ఆ కరువుకు చనిపోయాయి. మిగిలినవాటికి పుట్టిన పిల్లల ముక్కు సగటున అంతకుముందు తరం కంటే లావుగా ఉంది. 1982-83లో ఎల్‌నినో వల్ల విపరీతంగా వానలు పడి చిన్న గింజలు పెరిగాక, మొగ్గు మళ్లీ చిన్న ముక్కు వైపు తిరిగింది.

1981లో అదే దీవికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎస్పన్యోలా దీవి నుంచి పెద్ద ఫించ్ ఒకటి వచ్చింది. అది స్థానిక ఆడపక్షితో జతకట్టింది. దాని సంతతి పాటా, ముక్కు ఆకారమూ వేరుగా ఉండడంతో స్థానిక పక్షులు ఆ సంతతితో జతకట్టలేదు. కొద్ది తరాలలోనే అవి తమలో తామే పిల్లలు కనే ప్రత్యేక వంశంగా నిలిచాయి. ఒక జాతి మొదలు ఎలా ఉంటుందో మనుషులు కళ్లారా చూసిన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి. నా విద్యార్థులకు ఏటా ఈ సంగతి చెప్పేవాడిని, ఇప్పటికీ చెప్పాలనే అనిపిస్తుంది.

ఇక రెండో వైపు. దీవిలో వేటాడే క్షీరదాలు లేనప్పుడు ఎగరడం అనవసరపు ఖర్చు. ఎగిరే కండరాలను పోషించడానికి చాలా తిండి కావాలి. ఆ ఖర్చు మానుకున్న పక్షి కరువులో ఎక్కువ కాలం బతుకుతుంది, ఎక్కువ పిల్లలను కంటుంది. హిందూ మహాసముద్రంలోని అల్దాబ్రా పగడపు దీవి సుమారు 1,36,000 ఏళ్ల కిందట పూర్తిగా నీట మునిగింది. మునగకముందు అక్కడ మడగాస్కర్ నుంచి వచ్చిన రైల్ పక్షులు (మన నీటికోడి కుటుంబం) ఎగిరే శక్తిని పోగొట్టుకొని ఉన్నాయి, అవన్నీ నశించాయి. నీరు దిగిన తరువాత అదే మూలజాతి మళ్లీ ఎగిరివచ్చి, మళ్లీ ఎగరడం మానేసింది. రెండు కాలాల శిలాజాలూ దొరికాయి. పరిస్థితి ఒకటే అయినప్పుడు ఫలితం ఎంత ఖచ్చితంగా మళ్లీ వస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

భయం కూడా అలాంటి ఖర్చే. శత్రువు లేనిచోట ప్రతి అలికిడికీ పారిపోయే జీవి తిండి పోగొట్టుకుంటుంది. అందుకే దీవి జీవులు మనిషిని చూసి పారిపోవు, నేల మీదే గూడు పెడతాయి, తక్కువ గుడ్లు పెడతాయి. ఇవేవీ లోపాలు కావు. లక్షల ఏళ్లు అవి ఆ చోటికి సరిగ్గా సరిపోయాయి. 1598లో డచ్చివారు మారిషస్‌లో దిగారు. వారి వెంట పందులు, కోతులు వచ్చాయి, ఓడల్లోంచి ఎలుకలు దిగాయి. నేల మీది గుడ్లను అవి తినేశాయి. డోడోను చూసినట్టు నమ్మదగిన చివరి నమోదు 1662 నాటిది. దీవిలో గెలిపించిన లక్షణాలే, దీవి తలుపు తెరుచుకున్న రోజున దాన్ని చంపాయి. మీరు అడిగిన రెండు ఫలితాలకూ మూలం ఇక్కడ ఉంది.

సమాధానం: కరీంనగర్ సభ్యుడు, కొన్నేళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం చేసినవాడిని

సార్ చెప్పినదానికి మన దేశపు దీవుల నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే మన పిల్లలు మారిషస్ గురించి చదివినంతగా అండమాన్ గురించి చదవరు. డోడోకు బతికి ఉన్న అతి దగ్గరి బంధువు నికోబార్ పావురం అని 2002లో జన్యు పరీక్షలు తేల్చాయి. అది ఎగరగలదు, దీవి నుంచి దీవికి తిరుగుతుంది. ఒకే పావురాల వంశంలో ఎగరడం మానుకున్న కొమ్మ పోయింది, రాకపోకలు మానుకోని కొమ్మ మిగిలింది.

అండమాన్‌లోని నార్కొండం అనే దీవి విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్ల లోపే. నార్కొండం హార్న్‌బిల్ పక్షి ప్రపంచంలో మరెక్కడా లేదు. ఆ దీవిలో పోలీసు ఔట్‌పోస్టు పెట్టినప్పుడు తిండి కోసం మేకలను తెచ్చారు. అవి అడవిలోకి చేరి లేత మొక్కలను మేయడం మొదలుపెట్టాయి. హార్న్‌బిల్‌కు గూడు కావాలంటే తొర్ర ఉన్న పెద్ద చెట్టు కావాలి. లేత మొక్క బతకకపోతే వంద ఏళ్ల తరువాత పెద్ద చెట్టు ఉండదు. ఆ ప్రమాదాన్ని గుర్తించి తరువాత మేకలను తొలగించారు. ఒక జాతి మొత్తం ఒక చిన్న కొండంత చోటులో ఉన్నప్పుడు, ఒక మేకల మంద కూడా దాని భవిష్యత్తును నిర్ణయించగలదు.

మనవాళ్లందరికీ బాగా అర్థమయ్యే ఉదాహరణ దుప్పి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్‌వారు వేట కోసం చుక్కల దుప్పులను అండమాన్‌కు తీసుకెళ్లారు. ఏటూరునాగారం అడవిలో దుప్పి వెనుక చిరుతపులి ఉంటుంది, రేచుకుక్కల గుంపు ఉంటుంది, దారి తప్పి వచ్చిన పెద్దపులి కూడా ఉండవచ్చు. అండమాన్‌లో దాన్ని తినే జంతువు ఏదీ లేదు. ఈదడం వచ్చు కాబట్టి అది ఒక దీవి నుంచి మరో దీవికి పాకింది. అడవి నేల మీది మొలకలను, పొదలను అది తినేసిన చోట్ల ఆకుల మాటున బతికే స్థానిక బల్లులు కూడా తగ్గిపోయాయని అక్కడ పరిశోధన చేసినవారు చూపించారు. ఇక్కడ మనం కాపాడుకోవాలని తపిస్తున్న జంతువే అక్కడ అడవిని ఖాళీ చేస్తోంది. తప్పు దుప్పిది కాదు, దాని వెంట దాని శత్రువులు రాలేదు.

పసిఫిక్‌లోని గ్వామ్ దీవిలో జరిగింది ఇంకా ఘోరం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సైనిక సామాగ్రితోపాటు గోధుమరంగు చెట్టుపాము ఒకటి అక్కడికి చేరింది. పామంటే ఏమిటో ఎరుగని పక్షులు గూళ్లలోనే దొరికిపోయాయి. అక్కడి 12 స్థానిక అటవీ పక్షిజాతుల్లో 10 ఆ దీవి అడవుల్లోంచి తుడిచిపెట్టుకుపోయాయి. పక్షులు పోయాక పురుగులను తినేవారు లేక, పొరుగు దీవులతో పోలిస్తే వానాకాలంలో సాలెపురుగులు 40 రెట్ల దాకా పెరిగాయి. గింజలను మోసేవారు లేక చాలా చెట్ల మొలకలు తల్లిచెట్టు కిందే ఆగిపోతున్నాయి. అంతరించిన జాతి తనతోపాటు ఎన్నిటిని లాగుతుందో లెక్కించడానికి దీవి అంత అనువైన చోటు మరొకటి లేదు.

సమాధానం: మంచిర్యాల సభ్యుడు

పై సమాధానాలు చదివాను. ఒక అభ్యంతరం ఉంది. ఎలుకను, పామును, దుప్పిని తెచ్చినది మనిషే. అలాంటప్పుడు ఒంటరితనం వల్ల అంతరిస్తాయని చెప్పడం మనిషి బాధ్యతను దీవి మీదికి నెట్టినట్టు కాదా? మనిషి చేరకముందు దీవులు లక్షల ఏళ్లు పచ్చగానే ఉన్నాయి కదా.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్

మీ అభ్యంతరం న్యాయమైనదే, గత అయిదు వందల ఏళ్లకు అది పూర్తిగా వర్తిస్తుంది. హవాయికి 1826లో ఓడల నీటి పీపాల్లో దోమలు చేరాయి. ఆ తరువాత వ్యాపించిన పక్షి మలేరియా వల్ల ఆ అందమైన పక్షుల్లో ఎన్నో నశించాయి. అమెరికా ప్రభుత్వం 2023లో అంతరించాయని ప్రకటించి రక్షిత జాబితా నుంచి తొలగించిన 21 జాతుల్లో 8 హవాయి పక్షులే. దీనికి దీవిని నిందించలేము.

అయితే మనిషి లేకున్నా దీవిలో జాతులు వస్తూ పోతూనే ఉంటాయి. 1967లో రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్తలు ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పేది ఇదే: చిన్న దీవిలో ఒక్కో జాతి సంఖ్య తక్కువ కాబట్టి అంతరించే రేటు ఎక్కువ, దూరపు దీవికి వలస తక్కువ. ఈ రెండూ సమానమైన చోట జాతుల సంఖ్య నిలకడగా ఉంటుంది, జాతులు మాత్రం మారుతూ ఉంటాయి. డేనియల్ సింబర్లాఫ్‌తో కలిసి విల్సన్ దీన్ని ఫ్లోరిడా తీరంలోని చిన్న చిన్న మడచెట్ల దీవుల మీద పరీక్షించాడు. ఒక్కో దీవికి గుడారం కప్పి, పురుగులన్నిటినీ విషవాయువుతో చంపి, తిరిగి ఏవి వస్తాయో గమనించారు. ఏడాది తిరిగేసరికి చాలా దీవుల్లో జాతుల సంఖ్య దాదాపు పాత అంకెకు చేరింది, తీరానికి బాగా దూరంగా ఉన్న దీవి మాత్రం వెనుకబడింది. వచ్చిన జాతుల్లో చాలావరకు పాతవి కావు.

ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవి మరో సాక్ష్యం. సుమారు 10,000 ఏళ్ల కిందట సముద్రమట్టం పెరిగి ఆ దీవిలో చిక్కుకుపోయిన మామత్ ఏనుగులు (ఒంటినిండా వెంట్రుకలుండే పాతకాలపు ఏనుగులు), ప్రధాన భూభాగంలోని తమ జాతివన్నీ పోయాక కూడా, సుమారు 4,000 ఏళ్ల కిందటి వరకు బతికాయి. వాటి జన్యువుల్లో హానికరమైన మార్పులు పేరుకున్నట్టు పరిశోధనల్లో తేలింది. అంటే దీవి వాటిని ఆరు వేల ఏళ్లు కాపాడింది కూడా, బలహీనపరిచింది కూడా. మనిషి పాత్రను తగ్గించడం నా ఉద్దేశం కాదు. దీవి ఒక జాతిని అంచుకు దగ్గరగా నిలబెడుతుంది. తోసేది ఎవరన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది.

సమాధానం: అటవీ జీవుల సర్వేలలో పనిచేసే పరిశోధకురాలు, ములుగు

చెల్లీ, నీ రెండో ప్రశ్నకు జవాబు ఇంతవరకు రాలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న.

సముద్రంలో పుట్టిన దీవి ఖాళీగా మొదలవుతుంది, వచ్చే జీవులతో నిండుతుంది. నీళ్లు నిలపడం వల్ల ఏర్పడిన దీవి నిండుగా మొదలవుతుంది, తరువాత ఖాళీ అవుతుంది. థాయ్‌లాండ్‌లో 1986-87లో చియావ్ లార్న్ జలాశయం నిండినప్పుడు కొండల శిఖరాలు దీవులుగా మిగిలాయి. అక్కడి చిన్న క్షీరదాలను నీళ్లు నిండిన కొన్నేళ్లకు ఒకసారి, మరో ఇరవై ఏళ్ల తరువాత ఇంకొకసారి లెక్కించారు. పాతికేళ్లలో స్థానిక చిన్న క్షీరదాలు దాదాపు పూర్తిగా పోయాయి, బయటి నుంచి వచ్చిన ఒక ఎలుక జాతి మాత్రం అన్ని చోట్లా నిండింది. లక్నవరం కాకతీయుల కాలం నాటిది. దాని దీవులు పోగొట్టుకోవలసినవి ఉంటే ఎప్పుడో పోగొట్టుకొని ఉంటాయి. పక్షులు, గబ్బిలాలు నిమిషాల్లో దాటే ఆ నీటి మధ్య కొత్త జాతి పుట్టాలంటే కాలమూ చాలదు, ఎడమూ చాలదు.

అడవుల సంగతి వేరు. ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. దీవి నుంచి పుట్టే రెండు ఫలితాల్లో, జాతులు ఏర్పడడానికి లక్షల ఏళ్లు పట్టవచ్చు. అంతరించడానికి కొన్ని దశాబ్దాలు చాలు. ఒక రోడ్డో, ఒక కాలువో, కొత్తగా సాగుచేసిన పొలాల వరుసో అడవిని రెండు ముక్కలు చేసినప్పుడు మనకు దక్కేది రెండో ఫలితమే. ఒడిశాలోని సిమిలిపాల్ అడవిని చూడు. అక్కడి పులులు చాలా కాలంగా ఇతర పులులతో కలవలేకపోయాయి. వాటిలో చారలు ఒకదానిలో ఒకటి కలిసి నల్లగా కనిపించే పులులు మూడో వంతుకు పైగా ఉన్నాయి. ఒకే జన్యువులో వచ్చిన మార్పు దీనికి కారణమని బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్తలు 2021లో ప్రకటించారు. పర్యాటకులు నల్లపులిని అద్భుతంగా చూస్తారు. నాకు మాత్రం అది, కొద్దిపాటి పులులు తమలో తామే జతకడుతున్నాయని చెప్పే గుర్తుగా కనిపిస్తుంది.

మన వైపు ఇంకా దారి మూసుకుపోలేదు. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌కు మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి పులులు నదులు దాటి వస్తున్నాయి. కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లలను కూడా కన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి వైపు నుంచి ములుగు, భూపాలపల్లి అడవులకు అప్పుడప్పుడు పులి వస్తుంది. వచ్చిన పులి ఎక్కువ కాలం నిలవకపోయినా, అది నడిచిన దారి ఉన్నంతవరకు ఈ అడవి దీవి కాలేదు. కరెంటు తీగల ఉచ్చులు పెట్టేవారు, ఆ దారిలో చెట్లు నరికేవారు పాడుచేస్తున్నది ఒక జంతువును మాత్రమే కాదు, రెండు అడవుల మధ్య బంధుత్వాన్ని.

అన్నీ ఒకేచోట ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి అమెరికాలోని హీత్ హెన్ అనే కోడిజాతి కథ చాలు. అది చివరికి మార్తాస్ విన్యార్డ్ అనే ఒక్క దీవిలో మిగిలింది. 1908లో దానికోసం రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు, సంఖ్య సుమారు రెండు వేలకు పెరిగింది. 1916లో గూళ్లు పెట్టే కాలంలో మంటలు చెలరేగాయి, ఆ వెనుకే డేగల దాడి, తరువాత రోగం, అంతర్‌ప్రజననం (దగ్గరి బంధువులే తమలో తాము జతకట్టడం). 1932 తరువాత అది కనిపించలేదు. అందరూ కాపాడాలనుకున్నారు, డబ్బూ పెట్టారు, అయినా వరుసగా వచ్చిన దెబ్బలను తట్టుకోవడానికి మరో చోట మరో గుంపు లేకపోయింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన సుడిగాలికి కొద్ది సేపట్లోనే దాదాపు 50 వేల చెట్లు కూలిపోయాయని మనందరికీ తెలుసు. చుట్టూ అడవి ఉంది కాబట్టి అక్కడి జంతువులు పక్కకు తప్పుకోగలిగే వీలుంది. అదే గాలి నాలుగు వైపులా పొలాలున్న చిన్న అడవి ముక్క మీద వీచి ఉంటే, అందులోని జీవులు ఎక్కడికి పోయేవి?

విద్యార్థిని, హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మరి గుట్టల సంగతి? వాటి మీద ఒక చిన్న ప్రాజెక్టు చేయాలని ఉంది. పక్షులను లెక్కించనా?

పరిశోధకురాలు, ములుగు

పక్షులను వద్దు. ఒక చోటు దీవి అవునా కాదా అన్నది అందులో ఉండే జీవిని బట్టి ఉంటుంది. పద్మాక్షి గుట్ట మీది పావురానికి మెట్టుగుట్ట దీవి కాదు, కాసేపట్లో ఎగిరి వెళుతుంది; ఎండకు వేడెక్కిన సిమెంటు రోడ్డు దాటలేని నత్తకు అది సముద్రం అవతలి దేశమే. పడమటి కనుమల్లో పాల్‌ఘాట్ కనుమకు ఉత్తరాన, దక్షిణాన ఉన్న ఎత్తైన షోలా అడవుల్లోని (చల్లని కొండ మడతల్లో పెరిగే పచ్చని అడవులు) చిన్న పక్షులు కూడా వేర్వేరు జాతులుగా చీలిపోయాయి. కానీ అక్కడ నడుమ ఉన్నది ఆ పక్షులు బతకలేని వేడి లోయ, గడిచినది లక్షల ఏళ్లు. మన గుట్టలకు, కింది నేలకు అంత వాతావరణ భేదం లేదు.

అందుకని నేల నత్తలను, రాతి పగుళ్లలో ఉండే బల్లులను తీసుకో. వానలు మొదలయ్యాక నత్తలు బయటికి వస్తాయి. ఒక పెద్ద గుట్ట, రెండు చిన్న గుట్టలు ఎంచుకొని, ఒక్కో గుట్ట విస్తీర్ణం, పక్క గుట్టకు దూరం, మధ్యలో ఉన్నది చెట్లా, ఇళ్లా, పొలమా అన్నది రాసుకో. ప్రతి గుట్ట మీదా అంతే సేపు, అంతే మేర వెతుకు. లేకపోతే పెద్ద గుట్ట మీద ఎక్కువ సేపు వెతికినందువల్లనే ఎక్కువ జాతులు దొరికాయని ఎవరైనా అంటే నీ దగ్గర జవాబు ఉండదు. చచ్చిన నత్త గుల్లలను కూడా విడిగా లెక్కించు. గుల్లలు మాత్రమే దొరికి, బతికిన నత్త ఒక్కటీ దొరకని జాతి ఏదైనా ఉంటే, ఆ గుట్ట మీద దాన్ని మరో వానాకాలంలో కూడా వెతకాలి. మీ సార్ ఒప్పుకుంటే మొదటి రోజు నేను కూడా వస్తాను.